కడప రోడ్ల మీద ఆల్ వీల్ డ్రైవ్ స్పోర్టీ కారు: కొనే ముందు పరీక్ష ఎలా పెట్టాలి

పోయిన ఎండాకాలం మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, ఒక బండి దొరికింది. ఆల్ వీల్ డ్రైవ్, టర్బో పెట్రోలు, చిన్న బండే గానీ తొక్కితే ఎగురుతుంది. మనూళ్లోనే ఒక కాంట్రాక్టరుది. సాయంత్రం పోయి అడ్వాన్సు ఇచ్చేద్దామా?" అన్నాడు.

వాడికి రోజూ ఎర్రముక్కపల్లి నుంచి వై.వి. స్ట్రీట్‌ దగ్గరి షాపుకు పోయి రావడం, వారానికోసారి ప్రొద్దుటూరు, నెలకోసారి బెంగళూరు. ఇంట్లో మా చిన్నమ్మకు మోకాళ్ల నొప్పులు. "అడ్వాన్సు సంగతి తర్వాత, ముందు ఆ బండిని ఒక రోజంతా ఇమ్మని అడుగు. ఓనరు కూడా వెనక సీట్లో కూర్చుని రావచ్చు" అన్నాను. ఆ రోజు మేం చూసినవి, చూడాల్సి ఉండీ మర్చిపోయినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. మీరు కర్నూలులో ఉన్నా అనంతపురంలో ఉన్నా రోడ్ల పేర్లు మార్చుకుంటే చాలు.

ముందు ఒక మాట. ఆల్ వీల్ డ్రైవ్ అంటే ఇంజను బలం నాలుగు చక్రాలకూ పోగలిగే బండి. ఎక్స్‌డ్రైవ్, క్వాట్రో, ఆల్‌గ్రిప్ అన్నవి దానికి ఒక్కో కంపెనీ పెట్టుకున్న పేర్లు. మన దేశంలో ఈ రకం బండ్లు తక్కువ. ఈ తరహాకు ప్రపంచమంతా పేరు పడ్డ జపాను కంపెనీ సుబారు ఇక్కడ అధికారికంగా కార్లు అమ్మడం లేదు. పైమెట్టు మీద మెర్సిడెస్ ఏఎంజీ ఏ45 ఎస్ పేరు చెప్పాలి. 2021 నవంబరులో వచ్చింది, రెండు లీటర్ల ఇంజను నుంచి 421 హార్స్ పవర్ లాగుతారు. అదే ఏడాది మార్చిలో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం340ఐ ఎక్స్‌డ్రైవ్ ఇంకొకటి. కొంచెం కింద ఆడి క్యూ3 క్వాట్రో, 190 హార్స్ పవర్. జేబుకు అందేదాంట్లో మారుతి గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్ ఉంది గానీ దాన్ని స్పోర్టీ అనడానికి నాకు నోరు రాదు, 103 పీఎస్ (దాదాపు అంతే హార్స్ పవర్) బండి అది. అయినా ఈ పరీక్షల్లో సగం అది పాసవుతుంది, ఖరీదైనవి ఫెయిలవుతాయి. అది తర్వాత చూద్దాం.

మొదట వారం రోజులు లెక్క రాయండి

బండి చూడక ముందే చేయాల్సిన పని ఇది. చిన్న నోట్‌బుక్కు తీసుకుని వారం రోజులు మీరు ఎక్కడికి పోయారు, ఎన్ని కిలోమీటర్లు, ఎలాంటి రోడ్డు, ఎంతమంది ఎక్కారు అని రాయండి. పక్కన ఇంకో గడి పెట్టి, ఈ ఏడాదిలో ఎన్ని రోజులు మీ బండి చక్రం జారిందో గుర్తు తెచ్చుకుని రాయండి. కడప జిల్లాలో ఏడాదికి 700 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడుతుంది, అనంతపురంలో ఇంకా తక్కువ. మంచు లేదు. మా వాడు రాసుకుంటే జారిన రోజులు పదకొండు తేలాయి. అందులో ఏడు, చేను దగ్గరికి పోయే మట్టిరోడ్డు మీదే.

ఈ అంకె చూసి వెంటనే "అయితే వద్దు" అనుకోవాల్సిన పని లేదు. ఏడాదికి పదకొండు రోజుల పనికి ఎంత డబ్బు పెడుతున్నారో తెలిసి పెట్టండి, అంతే.

నాలుగు చక్రాలు ఎలా తిరుగుతాయో అడగండి

"ఫోర్ బై ఫోర్ సార్" అని సేల్స్ కుర్రాడు చెప్పగానే తల ఊపకండి. థార్, జిమ్నీల్లో ఉండేది వేరు. వాటిలో డ్రైవరు లివరు లాగితేనే నాలుగు చక్రాలు కలుస్తాయి, లో గేరు కూడా ఉంటుంది. మనం చూస్తున్న చిన్న బండ్లలో ఎక్కువ భాగం మామూలుగా ముందు చక్రాలతో నడుస్తాయి. ముందు చక్రం జారబోతోందని కంప్యూటరుకు తెలియగానే మధ్యలో ఉన్న క్లచ్ బిగుసుకుని వెనక చక్రాలకు కొంత బలం పంపిస్తుంది. బీఎండబ్ల్యూ ఎక్స్‌డ్రైవ్‌లో అయితే బలం ఎక్కువగా వెనక్కే పోతుంది, అవసరమైతే ముందుకు వస్తుంది. సుబారు ఆల్ వీల్ డ్రైవ్ బండ్లలో ఎప్పుడూ నాలుగూ కలిసే తిరుగుతాయి. గ్రాండ్ విటారాలో తిప్పుకునే నాబ్ ఉంటుంది: ఆటో, స్పోర్ట్, స్నో, లాక్.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఆల్ వీల్ డ్రైవ్ ఉంటే వానలో బ్రేకు బాగా పడుతుందనుకుంటారు. బ్రేకులు మారుతి 800లో కూడా నాలుగు చక్రాలకూ ఉన్నాయి కదా! ఇంజను బలం నాలుగు చక్రాలకు పోవడం వల్ల కదిలేటప్పుడు, మలుపులోంచి బయటికి యాక్సిలరేటర్ ఇచ్చేటప్పుడు లాభం. ఆపేటప్పుడు, మలుపులోకి దిగేటప్పుడు మీకు దిక్కు టైర్లే. పైగా ఈ బండి తడి రోడ్డు మీద కూడా తొణక్కుండా వేగం అందుకుంటుంది కాబట్టి రోడ్డు ఎంత జారుడుగా ఉందో డ్రైవరుకు తెలియదు. ఎండాకాలం దుమ్ము, లారీలు కార్చిన డీజిలు మీద మొదటి వాన పడ్డ రోజు రాయచోటి రోడ్డు మీద ఈ తేడా బాగా తెలుస్తుంది.

టైర్ల దగ్గర అరగంట కూర్చోండి

బండి చుట్టూ తిరిగి రంగు చూడకండి. కింద కూర్చోండి. టైరు పక్కన రాసి ఉన్న సైజు రాసుకుని, ఫోన్లో క్యాలిక్యులేటర్ తీయండి. 235/35 ఆర్19 అని ఉంటే, 235 మిల్లీమీటర్ల వెడల్పులో 35 శాతం టైరు గోడ ఎత్తు. అంటే 82 మిల్లీమీటర్లు, నాలుగు వేళ్లు అడ్డంగా పెడితే ఎంతో అంత. రోడ్డు మీద గుంతకూ మీ అలాయ్ రిమ్ముకూ మధ్య ఉన్నది ఆ నాలుగు వేళ్ల రబ్బరే. గ్రాండ్ విటారాకు వచ్చే 215/60 ఆర్17 లెక్కేస్తే 129 మిల్లీమీటర్లు వస్తుంది. మన ఊళ్లలో పైపులైను కోసం తవ్వి, పూడ్చీ పూడ్చకుండా వదిలేసిన అడ్డగీతలు మీకు తెలిసినవే. నలభై స్పీడులో అందులో పడితే 82 మిల్లీమీటర్ల టైరుకు పక్కన బుడగ లేస్తుంది, లేదా రిమ్ము వంగుతుంది. వంగిన రిమ్మును సుత్తి పెట్టి సరిచేసే వాళ్లున్నారు గానీ ఆ తర్వాత ఎనభై దాటగానే స్టీరింగు వణుకుతుంది.

ఇక ముల్లు. సర్కారు తుమ్మ ముల్లు గుచ్చుకోని టైరు మన జిల్లాలో లేదు. ఇలాంటి బండ్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు. డిక్కీ కార్పెట్ ఎత్తి చూస్తే చిన్న కంప్రెసరూ, ఒక సీసాలో జిగురూ ఉంటాయి. ముంబయిలో అది సరిపోతుందేమో. గండికోట నుంచి రాత్రి వస్తూ టైరు పక్క చీలితే ఆ సీసా తలకు రాసుకోవడానికి కూడా పనికిరాదు. స్టెప్నీ పెట్టడానికి డిక్కీలో చోటుందా, దానికి సరిపడే రిమ్ము దొరుకుతుందా అని ఇప్పుడే చూడండి.

ఆల్ వీల్ డ్రైవ్‌లో ఇంకో చిక్కుంది. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి, దాదాపు ఒకే అరుగుదలవి ఉండాలి. ముందు రెండూ అరిగి 3 మిల్లీమీటర్ల గాడి మిగిలి, వెనక రెండూ కొత్తవై 8 మిల్లీమీటర్లు ఉన్నాయనుకోండి. చక్రం ఒక్కసారి తిరిగితే 31 మిల్లీమీటర్ల తేడా. వినడానికి చిన్నదే. కిలోమీటరు వెళ్లేసరికి అది 15 మీటర్లు అవుతుంది, కడప నుంచి కర్నూలు చేరేలోపు రెండున్నర, మూడు కిలోమీటర్లు. ముందు చక్రాలు అంత ఎక్కువ తిరుగుతున్నాయని చూసి, పాపం కంప్యూటరు అవి జారుతున్నాయనుకుంటుంది. మధ్యలో ఉన్న క్లచ్ దారి పొడుగునా రాపిడికి గురై వేడెక్కుతుంది. ఆ క్లచ్ పోతే ఖర్చు లక్షల్లోకి పోతుంది. రెండు టైర్లు ఇప్పుడు, రెండు ఆరు నెలల తర్వాత అనే మన అలవాటు ఈ బండికి పనికిరాదు.

అందుకే గాడి లోతు కొలిచే చిన్న గేజీ ఒకటి కొనుక్కోండి. అదీ లేకపోతే టైరు గాడిలో అడ్డంగా చిన్న దిమ్మెలు ఉంటాయి చూడండి, గాడి 1.6 మిల్లీమీటర్లకు వచ్చిందంటే అవి పైకి తేలతాయి. అక్కడికి టైరు ఆయుష్షు అయిపోయినట్టే. తర్వాత టైరు పక్కన డీఓటీ అని ఉన్న చోట చివరి నాలుగు అంకెలు చదవండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం.

మేం చూసిన బండి దగ్గర మా వాడు ఫోన్ లైటు వేసి ఒక్కొక్కటే చదివాడు. ముందు రెండూ ఒక కంపెనీ, వెనక కుడివైపు ఇంకో కంపెనీ, ఎడమవైపు మూడోది. తయారైన ఏడాదులు మూడు రకాలు. "పంక్చరైనప్పుడల్లా మార్చినాను, అన్నీ మంచి కంపెనీవే" అన్నాడు ఓనరు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. మంచి కంపెనీలవే, మూడు.

నిండుగా మనుషులను ఎక్కించి స్పీడ్ బ్రేకరు దాటించండి

బ్రోచర్‌లో గ్రౌండ్ క్లియరెన్సు చాలాసార్లు ఖాళీ బండికి రాస్తారు. ఖాళీ బండిలో మీరు ఎప్పుడు తిరుగుతారు? వెనక ముగ్గురిని, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు వేయండి. అప్పుడు మీ ఊరికి పోయే దారిలో, ఊళ్లోవాళ్లు సిమెంటుతో సొంతంగా కట్టుకున్న స్పీడ్ బ్రేకరు మీదికి తీసుకుపోండి. హైవే మీద పసుపు గీతలతో ఉండేది కాదు, అది అందరూ దాటతారు.

మొదట నేరుగా, నడక వేగంతో. ముందు బంపరు కింది పెదవి తగిలిందా, మధ్యలో కడుపు తగిలిందా, దిగేటప్పుడు వెనక తగిలిందా అని ఒక మనిషిని బయట నిలబెట్టి చూడమనండి. లోపల ఉన్నవాళ్లకు అన్నీ ఒకే చప్పుడులా వినిపిస్తాయి. తర్వాత ఒక చక్రం ముందు, ఒక చక్రం వెనక ఎక్కేలా ఏటవాలుగా దాటించండి. నేరుగా తగిలి, ఏటవాలుగా మాత్రమే దాటినా ఆ బండి మీ రోజువారీ దారికి పనికిరాదని తేల్చుకోవచ్చు. ఎందుకంటే ఎదురుగా ఆటో వస్తున్నప్పుడు ఏటవాలు తిప్పుకునే చోటు మీకు దొరకదు. గ్రాండ్ విటారాకు 210 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష గురించి దాని ఓనరుకు తెలియను కూడా తెలియదు.

మా తమ్ముడు చూసిన బండి నేరుగా దాటుతుంటే మధ్యలో 'గర్ర్' మంది. వెనక సీట్లో ఉన్న ఓనరు "ఇది రోజూ తగిలేదే" అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే ఓనరును వెంట తీసుకుపోవాలి. తర్వాత షెడ్డులో బండి లేపి చూస్తే కింది ప్లాస్టిక్ కవరు సగం లేదు.

మధ్యాహ్నం రెండింటికి తీయండి

టెస్ట్ డ్రైవ్‌కు షోరూం వాళ్లు పొద్దున పది గంటలకో, సాయంత్రం ఐదున్నరకో రమ్మంటారు. మీరు ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండింటికి పోండి. బండిని గంటసేపు ఎండలో నిలబెట్టి తర్వాత స్టార్ట్ చేసి, ఏసీ వేసి, పది నిమిషాలు ఉన్నచోటే ఉంచండి. ఇంజను ఉష్ణోగ్రత ముల్లు కదిలిందా, వెనక సీటుకు చల్లగాలి వస్తోందా చూసి, అలాగే ఏడు రోడ్ల కూడలి వైపు తీసుకుపోండి.

ఈ బండ్లలో కొన్నింటికి ఉండేది రెండు క్లచ్‌ల ఆటోమేటిక్, డీసీటీ అంటారు. హైవే మీద గేర్లు వెన్నలా మారతాయి. ఎద్దుల సంతలాంటి ట్రాఫిక్‌లో అడుగడుగునా ముందుకు జరుగుతుంటే మాత్రం క్లచ్ సగం పట్టి సగం వదిలి వేడెక్కుతుంది, ముఖ్యంగా ఆయిల్‌లో మునగని పొడి క్లచ్ అయితే. కదిలేటప్పుడు కుదుపు, వణుకు, కాలిన వాసన, వీటిలో ఏది వచ్చినా నోట్‌బుక్కులో రాయండి. పదిహేను నిమిషాలు ట్రాఫిక్‌లో తిప్పాక స్పోర్ట్ మోడ్ తీసి మామూలు మోడ్‌లో పెట్టి మళ్లీ తిప్పండి. రోజూ మీరు నడిపేది ఆ మోడే. స్పోర్ట్ మోడ్‌లో పులిలా ఉండి మామూలు మోడ్‌లో యాక్సిలరేటర్ తొక్కిన సెకను తర్వాత కదిలే బండ్లున్నాయి. ఆటోల మధ్య ఆ సెకను చాలా పెద్దది.

గువ్వలచెరువు ఘాట్ ఎక్కించి, దించండి

కడప నుంచి రాయచోటి వైపు ఇరవై, పాతిక కిలోమీటర్లు పోతే పాలకొండల్లో ఘాట్. ఇలాంటి బండిని అంచనా వేయడానికి మా వైపు ఇంతకు మించిన చోటు లేదు, ఎందుకంటే స్పోర్టీ బండి నడిపేవాడికి కావలసినవీ, మామూలు కుటుంబానికి కావలసినవీ రెండూ ఆ నాలుగు మలుపుల్లో బయటపడతాయి. అనంతపురం వాళ్లు హార్సిలీ హిల్స్ పోవచ్చు, కర్నూలు వాళ్లకు ఆత్మకూరు దాటితే నల్లమల ఉంది.

ఎక్కేటప్పుడు వేగం కోసం చూడకండి. అక్కడ లారీల వెనక పడతారు, తప్పదు. లోడు లారీ వెనక గంటకు పదిహేను కిలోమీటర్లతో పాకుతుంటే బండి ఎలా ప్రవర్తిస్తోంది? ఆగి మళ్లీ కదిలేటప్పుడు వెనక్కు జారుతోందా? ఖాళీ దొరికినప్పుడు, మలుపు లేని చోట మాత్రమే, ముప్పై నుంచి అరవైకి ఎంత తొందరగా అందుకుంటుందో చూడండి. సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లో తెలుసుకుని ఏం చేస్తారు? నాలుగు లేన్ల హైవే మీద కార్లకు గరిష్ఠ వేగమే గంటకు 100 కిలోమీటర్లు. మన రోడ్ల మీద ప్రాణాలు కాపాడేదీ తీసేదీ ఈ ముప్పై, అరవై మధ్య పికప్పే. టర్బో బండి అయితే ఇంజను నిమిషానికి రెండు వేల తిరుగుళ్ల కింద ఉన్నప్పుడు తొక్కితే ఒక క్షణం ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా తోస్తుంది. మలుపు మధ్యలో ఆ తోపు వస్తే ఎలా ఉంటుందో మెల్లగా అలవాటు చేసుకోండి.

దిగేటప్పుడు మాన్యువల్ మోడ్‌లోకి మార్చి రెండో గేరులో పెట్టండి. బండి తనంతట తాను వేగం అదుపులో ఉంచుకుంటోందా, లేక మీరు బ్రేకు మీద కాలు తీయలేకపోతున్నారా? కిందికొచ్చాక దిగి చక్రాల దగ్గర వాసన చూడండి, చెయ్యి పెట్టొద్దు. కొన్ని పెద్ద బ్రేకుల బండ్లు చల్లగా ఉన్నప్పుడు కీచుమంటాయి, అది తప్పు కాదు. మెత్తగా కిందికి దిగిపోయే పెడల్ మాత్రం తప్పే.

పైన ఊళ్లో ఆగి పాలకోవా తినడం కూడా పరీక్షలో భాగమే అనుకోండి. ఆ పది నిమిషాల్లో వెనక కూర్చున్నవాళ్ల ముఖాలు చూడండి. మా చిన్నమ్మ కోవా వద్దంది. కోవా వద్దన్న రోజు నాకు తెలిసి అదొక్కటే. బిగుతు సస్పెన్షన్ మీద మలుపులు తిరిగితే వెనక సీటులో కడుపులో తిప్పుతుంది. ముందు కూర్చుని స్టీరింగు పట్టుకున్నవాడికి అది ఎప్పటికీ తెలియదు.

బురద పరీక్ష, జాగ్రత్తగా

ఇది వానాకాలంలోనే కుదురుతుంది. గతంలో నా స్నేహితుడొకడు ఇలాంటి బండిలోనే పెద్దముడియం వైపు చేనుకు బయల్దేరాడు. ముందు రోజు రాత్రి వాన. నల్లరేగడి నేల. "నాలుగు చక్రాలు తిరుగుతాయిరా, భయమేంది" అన్నాడు. యాభై గజాలు పోయేసరికి టైరు గాళ్లన్నీ మట్టితో పూడిపోయి నాలుగు చక్రాలూ నల్లటి బొప్పల్లా తయారయ్యాయి. నాలుగూ తిరిగాయి, ఆ మాట నిజమే. బండి మాత్రం ఉన్నచోటి నుంచి పక్కకు జారి కాలవ అంచున ఆగింది. రోడ్డు టైర్లకు నల్లరేగడిలో పట్టు దొరకదు, బలం ఎన్ని చక్రాలకు పంచినా సున్నాను నాలుగుతో హెచ్చించినట్టే. చివరికి ట్రాక్టరు వచ్చింది.

ట్రాక్టరు వచ్చాక ఇంకో తమాషా. తాడు ఎక్కడ కట్టాలో తెలియదు. ఈ బండ్లలో కొక్కెం బయటికి ఉండదు. డిక్కీలో ఉన్న మరచుట్ల కొక్కేన్ని, బంపరు మీద చిన్న మూత తీసి అందులో బిగించాలి. ఆ మూత ఎక్కడుందో కొన్న రోజే వెతికి ఒకసారి బిగించి చూడండి. ఇంకో సంగతి, ఆల్ వీల్ డ్రైవ్ బండి ఆగిపోతే ముందు చక్రాలు లేపి వెనకవి నేల మీద ఈడ్చుకుపోకూడదు, డ్రైవ్‌లైను, అంటే చక్రాలకు బలం పంపే భాగాలు, పాడవుతుంది. మొత్తం బండిని పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీయే రావాలి. మీ ఇన్సూరెన్సు వాళ్లు కడపకు అది పంపుతారో లేదో ముందే ఫోన్ చేసి అడగండి.

ఇసుక పరిచిన దారో, కంకర ఎత్తో అయితే ఆల్ వీల్ డ్రైవ్ సత్తా నిజంగా తెలుస్తుంది. కొద్దిగా ఎత్తున్న కంకర రోడ్డు మీద ఆపి, మెల్లగా కదిలించండి. ముందు చక్రం చర్రుమని ఒక్క చుట్టు తిరిగి, వెంటనే వెనక నుంచి తోసినట్టు బండి ముందుకు పోవాలి. చాలా బండ్లలో ఏ చక్రానికి ఎంత బలం పోతోందో స్క్రీన్ మీద బొమ్మ కూడా వస్తుంది.

వెనక సీటు, డిక్కీ, పెట్రోలు

ఇవి తొందరగా తేలిపోతాయి. వెనక చక్రాలకు పోయే షాఫ్టు కోసం నేల మధ్యలో దిమ్మె ఎత్తుగా ఉంటుంది, మూడో మనిషి కాళ్లు చెరోవైపు పెట్టుకుని కూర్చోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ఎక్కించి దించండి. చీర కట్టుకున్న మనిషి బకెట్ సీట్లోంచి దిగడం మీరు చూస్తే సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

మైలేజీకి స్క్రీన్ మీద అంకె నమ్మకండి. బంకులో ఆటో కట్ అయ్యేదాకా నింపి, రెండు వందల కిలోమీటర్లు మీ దారుల్లో తిప్పి, అదే బంకులో మళ్లీ నింపి భాగించండి. ఆల్ వీల్ డ్రైవ్ బరువు వల్ల తేడా ఎంతో చూడాలంటే, గ్రాండ్ విటారా 2022లో వచ్చినప్పుడు మాన్యువల్‌కు అధికారిక మైలేజీ లీటరుకు 21.11 కిలోమీటర్లు, అదే బండి ఆల్‌గ్రిప్‌తో 19.38. పాత బండి అయితే పెట్రోలు మూత వెనక స్టిక్కరు కూడా చదవండి. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు పడుతుందా, ఎక్కువ ఆక్టేన్ ఉన్న పైరకం పెట్రోలు కావాలా అన్నది అక్కడ ఉంటుంది. ఎక్కువ ఆక్టేన్ కావాలని ఉంటే అది మీ ఊళ్లో ఏ బంకులో దొరుకుతుందో కనుక్కోండి.

సెకండ్ హ్యాండ్ అయితే

మన వైపు ఇలాంటి బండ్లు ఎక్కువగా బెంగళూరు నుంచి వస్తాయి, కేఏ నంబరుతో. మేం చూసిందీ అదే. ఆ ఓనరు మూడేళ్లుగా కేఏ నంబరుతోనే తిప్పుతున్నాడు. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే రిజిస్ట్రేషను మార్చుకోవాలి, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ, అంటే ఫారం 28, పేరు మార్పిడికి ఫారం 29, 30, లోను ఉంటే తీరిపోయినట్టు ఫారం 35. ఇవి చేతికి రాకుండా "తర్వాత చూసుకుందాం అన్నా" అనే మాట వినకండి. ఆ ట్యాక్సు ఎంతో లెక్కేసి బండి ధరకు కలుపుకుని అప్పుడు చవకో కాదో చూడండి.

యంత్రం సంగతికి వస్తే, ఖాళీ మైదానంలో స్టీరింగు పూర్తిగా తిప్పి, మెల్లగా ఎనిమిది అంకె ఆకారంలో నడపండి. అద్దాలు దించి, పాటలు ఆపి వినండి. టక్ టక్ మంటే యాక్సిల్ జాయింటు. పట్టేసినట్టు కుదుపుతుంటే మధ్య క్లచ్‌లోనో, టైర్ల తేడాలోనో తప్పుంది. షెడ్డులో లేపించి వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బా) చుట్టూ ఆయిల్ తడి ఉందేమో చూడండి. ఆ ఆయిల్, మధ్య క్లచ్ ఆయిల్ మార్చినట్టు సర్వీసు బిల్లుల్లో ఉందా అని వెతకండి. ఇంజను ఆయిల్ అందరూ మారుస్తారు, ఇవి మర్చిపోతారు. స్కానరు పెట్టించి బండి కంప్యూటరు దాచుకున్న పాత తప్పుల కోడ్‌లు చదివించండి. పవరు పెంచడానికి ఇంజను కంప్యూటరులో ప్రోగ్రాం మార్పించారా అని ముఖం చూసి అడగండి. సీటు బెల్టును చివరి దాకా లాగి, మట్టి చారలుంటే నీళ్లలో మునిగిన బండి అని అనుమానించండి.

సర్వీసు ఎక్కడ అన్నది చివరగా రాస్తున్నా గానీ చాలామందికి ఇదే మొదటిది కావాలి. ఖరీదైన కంపెనీ బండి అయితే కడప నుంచి బెంగళూరుకు దాదాపు 260 కిలోమీటర్లు, మద్రాసు కూడా అంతే. ఒక పొద్దున పోయి బండి అప్పగించి, బస్సులో వచ్చి, రెండు రోజుల తర్వాత మళ్లీ పోవాలి. ఏడాదికి రెండుసార్లు అలా పోవడం మీకు సరదా అయితే సరే. మా వాడు షాపు మూసి పోవాల్సిన మనిషి.

సాయంత్రానికి నోట్‌బుక్కు తెరిచి కూర్చున్నాం. నాలుగు టైర్లు, కింది కవరు, ట్యాక్సు కలిపి ఓనరుకు లెక్క చూపించి అంత తగ్గించమన్నాం. ఆయన నవ్వి, "ఇంత చూసేవాళ్లు ఇలాంటి బండి కొనరు లేన్నా" అని తాళాలు తీసుకున్నాడు. మా వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నిన్న రాత్రి వాట్సాప్‌లో ఇంకో బండి ఫొటోలు పంపాడు. బండి ఫొటో ఒకటే. మిగతా నాలుగూ టైర్లవి.